పసివారి జీర్ణకోశ రక్తస్రావం – అత్యవసర చికిత్సలపై ఒక విమర్శ

శరీరం మీద గాయమై నెత్తురు కారుతున్నప్పుడు ఏమి చేయవలెనో హైస్కూలు విద్యార్థికి తెలుసు. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టవలె. ఆ తరువాత కట్టు కట్టి, వైద్యుని వద్దకు తీసుకొనిపోవలె. ఐతే నెత్తురు లోపల, అనగా అన్నవాహికలోనో, జీర్ణాశయంలోనో, పేగులలోనో కారుతున్నప్పుడు అదిమిపట్టడానికి చోటు లేదు. అది నెత్తురు వాంతిగానో, నల్లని విరేచనంగానో బయటపడిన తరువాతగాని ఇంటివారికి తెలియదు. రోగి ఒకటి రెండేళ్ళ పసివాడైతే నొప్పి ఎక్కడనో, నీరసం ఎంతనో చెప్పనైనా చెప్పలేడు.

ఈ ఆపదకు వైద్యులూ, పెద్దలూ ప్రయోగించిన చికిత్సలు పలురకాలు. మంచునీరు, నెత్తురు గడ్డకట్టడానికి సూది మందు, సీసాల కొద్దీ సెలైను, వీలైనంత రక్తం, వీలైనంత త్వరగా ఎండోస్కోపు – ఇవి అన్నీ వినడానికి సబబుగానే ఉంటాయి. వినడానికి సబబుగా ఉండుట వేరు, పరీక్షకు నిలుచుట వేరు. ఈ చికిత్సలలో ఏవి పరీక్షకు నిలిచినవి, ఏవి నిలువలేదు, పశ్చిమ ప్రకాశంలోని పెద్దారవీడు వంటి మండలంలో వీటిలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఇక్కడ విచారించవలసిన విషయం.

గ్లాసెడు నెత్తురు

ముందుగా చిన్న లెక్క. పసివారి శరీరంలో ప్రతి కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. పది కిలోల బిడ్డకు, అనగా సుమారు ఏడాది వయస్సున్న బిడ్డకు, మొత్తం రక్తం 800 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ బిడ్డ ఒక గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్ల నెత్తురు వాంతి చేసుకొంటే మొత్తంలో నాల్గవ వంతు పోయినట్లే. అరవై కిలోల పెద్దమనిషికి అదే గ్లాసెడు నెత్తురు నూటికి ఐదు పాళ్ళ కన్న తక్కువ. రక్తదాన శిబిరంలో పెద్దవారు ఒక్కసారి 350 మిల్లీలీటర్లు ఇచ్చి, కొంతసేపు కూర్చుని లేచిపోతారు. అంత నెత్తురు పది కిలోల బిడ్డ కోల్పోతే మొత్తంలో నూటికి 44 పాళ్ళు పోయినట్లు. ప్రాణం నిలుచుట కష్టం. కాబట్టి "కొంచెమే కక్కినాడు" అనే మాటను పెద్దల కొలతతో కాక బిడ్డ బరువుతో కొలిచి చూడవలె.

రెండవ చిక్కు రక్తపుపోటుది. నెత్తురు పోతున్నకొద్దీ బిడ్డ గుండె వేగంగా కొట్టుకొంటుంది, చర్మానికీ కాళ్ళూ చేతులకూ పోయే రక్తనాళాలు ముడుచుకొంటాయి. అందుచేత రక్తంలో నాల్గవ వంతు పోయినా పోటు మామూలుగా కనబడవచ్చు. అది పడిపోయిన తరువాత బిడ్డకు మిగిలి ఉన్న వ్యవధి చాల తక్కువ. పోటు బాగున్నదని ధైర్యపడుట పిల్లల విషయంలో పనికిరాదు. అరచేతులు, అరికాళ్ళు చల్లబడినవా, నాడి వేగంగా బలహీనంగా ఉన్నదా అని చూడవలె. బొటనవేలి గోటిని కొద్ది క్షణాలు నొక్కి వదిలితే తెల్లబడిన చోట తిరిగి ఎరుపు రావడానికి 3 సెకన్లకు మించి పడుతున్నదా అని కూడ చూడవలె. ఈ పరీక్షకు పరికరం ఏదీ అక్కరలేదు.

మూడవ చిక్కు హీమోగ్లోబిన్ పరీక్షది. కుండలోని మజ్జిగ సగం ఒలికిపోతే మిగిలిన సగం పలుచబడదు, చిక్కదనం అంతే ఉంటుంది. దానిలో నీరు పోసినప్పుడే పలుచన అవుతుంది. నెత్తురు కూడ అంతే. కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కాబట్టి, నెత్తురు పోయిన వెంటనే చేసిన పరీక్షలో హీమోగ్లోబిన్ దాదాపు ముందున్నంతే ఉంటుంది. కొన్ని గంటలలో శరీరంలోని నీరు రక్తనాళాలలోకి చేరిన తరువాత, లేక సెలైను ఎక్కించిన తరువాత, ఆ అంకె పడిపోతుంది. మొదటి పరీక్ష బాగున్నదని బిడ్డను ఇంటికి పంపుట ప్రమాదకరం.

మంచునీటి కథ

చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకొంటాయి, కనుక మంచునీటితో జీర్ణాశయాన్ని కడిగితే నెత్తురు ఆగుతుంది – ఇది చాల కాలం ఆసుపత్రులలో నడిచిన వాదం. ముక్కు గుండా గొట్టం వేసి, చల్లని సెలైను పోసి తీయుట అనేక దేశాలలో వాడుక అయినది. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రఖ్యాత శస్త్రవైద్యుడు ఓవెన్ వాంగెన్‌స్టీన్ ఈ ఊహను ఇంకొక మెట్టు ఎక్కించి, పుండున్న రోగుల జీర్ణాశయాన్ని గడ్డకట్టేటంతగా చల్లబరచే పద్ధతిని 1962లో ప్రకటించాడు. యంత్రాలు వచ్చినవి, వేలాది రోగులకు ఆ చికిత్స జరిగినది. తరువాత 160 మంది పెద్దవారిపై జాగ్రత్తగా పరీక్ష చేసి ఫలితాలను 1969లో ప్రచురించారు. కొందరికి నిజమైన చల్లదనం, మిగిలినవారికి చల్లదనం లేని ఉత్తుత్తి చికిత్స. ఎవరికి ఏది జరిగినదో రోగులకు తెలియదు. రెండు గుంపులకూ ఫలితంలో భేదం లేదు! యంత్రాలు మూలపడినవి.

ఆ పరీక్ష పుండు నొప్పికి సంబంధించినదే గాని పసివారి రక్తస్రావానికి సంబంధించినది కాదని ఒప్పుకొనవలె. కాని దానివల్ల నేర్చుకొనవలసినది ఒకటి ఉన్నది. బాగైన రోగులను మాత్రమే చూసి మందు మంచిదనుట నిరూపణ కాదు. జీర్ణాశయపు రక్తస్రావం చాలమందిలో దానంతట అదే ఆగుతుంది. అది ఆగిన వేళకు చేతిలో మంచునీరు ఉంటే కీర్తి మంచునీటికి దక్కుతుంది. పైగా నెత్తురు గడ్డకట్టుట ఎంజైముల పని. చల్లదనంలో ఆ పని మందగిస్తుంది. పసిబిడ్డ శరీరం త్వరగా చల్లబడుతుంది. మంచి నీళ్ళతోనే కడిగితే రక్తంలో సోడియం కూడ పలుచబడి ఫిట్సు రావచ్చు. నేటి వైద్యులు నెత్తురు ఆపడానికి మంచునీటి కడుగుడును సిఫార్సు చేయరు. నెత్తురు కక్కిన బిడ్డకు ఇంట్లో ఐసు ముక్కలు చప్పరించడానికి ఇచ్చుట కూడ ఈ పాత ఊహకు బంధువే. దానివల్ల మేలు లేదు.

సూది మందుల మీద నమ్మకం

"నెత్తురు కట్టే సూది" ఒకటి వేస్తే చాలు అనుకొనేవారు పల్లెలలోను పట్టణాలలోను ఉన్నారు. ఈ పేరుతో ఎక్కువగా వాడబడేవి రెండు. ఒకటి ట్రానెగ్జామిక్ ఆమ్లం. గడ్డకట్టిన నెత్తురు మరల కరగకుండ చేయుట దీని పని. జపానులో ఒకమోటో దంపతుల పరిశోధన నుండి 1962లో వెలువడినది. ప్రమాదాలలో గాయపడినవారికీ, కాన్పులో నెత్తురు పోయే తల్లులకూ ఇది ఉపకరిస్తుందని పెద్ద పరీక్షలు తేల్చినవి. ఐతే జీర్ణకోశ రక్తస్రావానికి? పాకిస్తాన్, నేపాల్ మొదలైన 15 దేశాలలో, 164 ఆసుపత్రులలో, 12,009 మంది పెద్దవారిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడినవి. మందు పొందినవారిలోను పొందనివారిలోను రక్తస్రావంతో మరణించినవారు నూటికి సుమారు నలుగురే. భేదం కనబడలేదు. పైగా మందు పొందినవారిలో సిరలలో నెత్తురు గడ్డలు, ఫిట్సు కొంచెం ఎక్కువైనవి. ఒక చోట పనిచేసిన మందు ఇంకొక చోట పనిచేయుననే నియమం లేదని దీనివల్ల తేలుతున్నది.

రెండవది విటమిన్ కె. దీని కథ వేరు. కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ కొవ్వు తీసివేసిన మేత పెట్టిన కోడిపిల్లలకు చర్మం కింద నెత్తురు కారుట 1929లో గమనించాడు. లోపించిన పదార్థానికి 1935లో "కె" అని పేరు పెట్టాడు. 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానం అతనికీ, అమెరికాకు చెందిన డోయిసీకీ లభించినది. గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రోటీనులను కాలేయం సిద్ధం చేయాలంటే ఈ విటమిన్ ఉండవలె. ఇది తల్లి మాయ గుండా బిడ్డకు చాల తక్కువగా చేరుతుంది. తల్లిపాలలోనూ తక్కువే. పుట్టిన బిడ్డ పేగులలో దీనిని తయారుచేసే సూక్ష్మజీవులు ఇంకా ఉండవు. అందుచేత పుట్టిన మొదటి వారంలో కొందరు బిడ్డలకు బొడ్డు నుండి, పేగుల నుండి నెత్తురు కారుతుంది. బోస్టన్ వైద్యుడు టౌన్‌సెండ్ ఇటువంటి 50 మంది శిశువులను 1894లోనే వర్ణించాడు. కారణం తెలియడానికి నలభై ఏళ్ళు పట్టినది. పుట్టగానే తొడకు 1 మిల్లీగ్రాము విటమిన్ కె సూది వేస్తే ఈ వ్యాధి దాదాపు రాదు. కిలో కన్న తక్కువ బరువున్న బిడ్డకు అర మిల్లీగ్రాము. ఆసుపత్రులలో పుట్టే ప్రతి బిడ్డకూ ఇది వేయవలెనని భారత ప్రభుత్వం 2014లో మార్గదర్శక సూత్రాలు ప్రకటించినది.

ఇక్కడ విమర్శ మందు మీద కాదు, దాని వాడుక మీద. విటమిన్ లోపించిన నవజాత శిశువుకు అది ప్రాణం పోస్తుంది. లోపం లేని నాలుగేళ్ళ బిడ్డ అన్నవాహికలో సిర పగిలితే అదే సూది ఆ చిల్లును పూడ్చలేదు. కాన్పు రోజున వేయవలసిన చోట మరచి, వేయనక్కరలేని చోట వేసి కాలం గడుపుట సరికాదు.

నవజాత శిశువు నెత్తురు కక్కినప్పుడల్లా అది బిడ్డ నెత్తురే కానక్కరలేదు. కాన్పులోనో, పగిలిన చనుమొన నుండో మింగిన తల్లి నెత్తురు కావచ్చు. దీనిని తేల్చడానికి ఆప్ట్, డౌనీ అనే వైద్యులు 1955లో సులువైన రసాయన పరీక్ష చెప్పారు. కక్కిన నెత్తురును నీటిలో కలిపి, వడగట్టి, దానికి ఒక శాతం సోడియం హైడ్రాక్సైడు ద్రావణం చేర్చవలె. పెద్దవారి హీమోగ్లోబిన్ ఒకటి రెండు నిమిషాలలో పసుపు కలిసిన గోధుమరంగుకు మారుతుంది. శిశువు హీమోగ్లోబిన్ క్షారాన్ని తట్టుకొని గులాబిరంగులోనే నిలుస్తుంది. రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ఇంత కన్న చక్కని ఉదాహరణ దొరకదు.

నీరెంత, రక్తమెంత

పోయిన దానిని తిరిగి నింపవలెననుటలో సందేహం లేదు. ఎంత, ఎంత వేగంగా అన్నదే ప్రశ్న. సెలైను నాళాలను నింపుతుంది గాని ప్రాణవాయువును మోయలేదు. ఎక్కువైతే గడ్డకట్టే పదార్థాలను కూడ పలుచన చేస్తుంది. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో జ్వరంతో చేతులు కాళ్ళు చల్లబడిన 3,141 మంది పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడి వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచినవి. త్వరత్వరగా ద్రవం ఎక్కించిన పిల్లలలో 48 గంటలలో నూటికి 10.5 మంది మరణించారు. అలా ఎక్కించనివారిలో మరణించినది 7.3 మందే. ఆ పిల్లలకు ఉన్నది జ్వరం, రక్తస్రావం కాదు. కాబట్టి నెత్తురు పోయిన బిడ్డకు సెలైను మానవలెనని దీని అర్థం కాదు. కిలోకు 10 నుండి 20 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి ఇచ్చి, ప్రతి విడత తరువాత నాడిని, చేతుల వేడిని చూసి ముందుకు పోవలెనని, ఆలోగా రక్తం సిద్ధపరచవలెనని మాత్రమే దీనివల్ల గ్రహించవలె.

రక్తం విషయంలోనూ మితమే మేలు. స్పెయిన్‌లో 921 మంది పెద్దవారిపై జరిగిన పరీక్ష 2013లో వెలువడినది. హీమోగ్లోబిన్ 9 గ్రాములకు తగ్గగానే రక్తం ఎక్కించిన గుంపులో ఆరు వారాలకు నూటికి 91 మంది బ్రతికి ఉన్నారు. 7 గ్రాములకు తగ్గినప్పుడే ఎక్కించిన గుంపులో 95 మంది. విపరీతంగా నెత్తురు పోతున్నవారిని ఆ పరీక్షలో చేర్చుకొనలేదన్న సంగతి మరువరాదు. అట్టివారికి అంకె కోసం ఆగరాదు.

భారతదేశపు పిల్లల విషయంలో ఈ మితం మరింత ముఖ్యం. కారణం ఇది. ఆరోగ్యంగా ఆడుకొంటున్న బిడ్డ ఉన్నట్టుండి పెద్దయెత్తున నెత్తురు కక్కితే, మన దేశంలో ఎక్కువగా కనబడే కారణం ద్వారసిర మూసుకొనిపోవుట. పేగుల నుండి, ప్లీహం నుండి కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర ఇది. పంటకాలువకు అడ్డుకట్ట పడితే నీరు గట్టు పక్కని చిన్న బోదెలలోకి పొర్లినట్లు, దారి లేని రక్తం అన్నవాహిక చుట్టూ ఉన్న సన్నని సిరలలోకి మళ్ళుతుంది. అవి ఉబ్బి, ఒకనాడు పగులుతాయి. నాళాలను అతిగా నింపితే ఆ సిరలలో ఒత్తిడి పెరిగి, ఆగిన నెత్తురు మరల మొదలవుతుంది. ఈ బిడ్డలలో కాలేయం సాధారణంగా బాగానే ఉంటుంది. అనగా ఈ గండం గడిస్తే ముందు చాల ఆయుస్సు ఉన్నది. అందుచేతనే ఇక్కడ జరిగే ఆలస్యం మరింత బాధాకరం.

ఎండోస్కోపు ఎంత తొందరగా?

ఉబ్బిన సిరలలోకి మందు ఎక్కించి మూసే పద్ధతిని స్వీడన్‌లో క్రాఫోర్డ్, ఫ్రెంక్‌నర్ 1939లో ప్రకటించారు. గాలి బుడగతో లోపలి నుండి అదిమే గొట్టాన్ని 1950లో సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ వర్ణించారు. 1980వ దశకంలో సిరలకు చిన్న రబ్బరు పట్టీ వేసే పద్ధతి వచ్చినది. మరీ చిన్న బిడ్డలకు ఆ పరికరం పట్టదు కనుక సూది పద్ధతే నేటికీ ఆధారం. ఆక్ట్రియోటైడ్ మందు ద్వారసిరకు వచ్చే రక్తప్రవాహాన్ని తగ్గిస్తుంది. పిల్లలపై దానికి పెద్ద పరీక్షలు లేకపోయినా, పెద్దవారి అనుభవాన్నిబట్టి వాడుతున్నారు. వీటిలో చాల పద్ధతులు పరీక్షకు నిలిచినవే.

ఐతే ఎండోస్కోపును ఎంత తొందరగా వేస్తే అంత మంచిదా? హాంకాంగ్‌లో 516 మంది పెద్దవారిపై జరిగిన పరీక్ష 2020లో దీనికి జవాబు ఇచ్చినది. నిపుణుడు చూసిన 6 గంటలలోపే ఎండోస్కోపు వేసినవారికి, 6 నుండి 24 గంటల మధ్య వేసినవారి కన్న అదనపు మేలు కలుగలేదు. ద్రవం ఇచ్చినా కుదుటపడని రోగులను ఆ పరీక్ష నుండి మినహాయించారు. ముందు రోగిని కుదుటపరచి తరువాత లోపల చూడవలెనని దీనివల్ల తేలుతున్నది. పట్టణానికి దూరంగా ఉన్నవారికి ఇది చాల ముఖ్యమైన విషయం.

పెద్దారవీడులో ఈ లెక్కలకు విలువ

పెద్దారవీడు మార్కాపురం పరిసరాలలోని మండలం. 1970కి పూర్వం మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. నేడు పెద్దారవీడు బిడ్డకు దగ్గరి పెద్ద ఆసుపత్రి మార్కాపురంలో ఉన్నది. వైద్య కళాశాల ఆసుపత్రి కావలెనంటే ఒంగోలు. అది సుమారు నూరు కిలోమీటర్లు. గుంటూరు, కర్నూలు అంతకన్న దూరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎండోస్కోపు గాని, రక్తనిధి గాని ఉండవు; అది ఏర్పడినది అందుకు కాదు. పుస్తకాలలోని చికిత్సా విధానాలు చాలవరకు ఇవి రెండూ మెట్లు దిగితే ఉన్నట్లు వ్రాయబడినవి. పరీక్షలు చాలవరకు పెద్దవారిపై, పెద్ద ఆసుపత్రులలో జరిగినవి. ఈ విధానాల మీద చేయవలసిన ముఖ్యమైన విమర్శ ఇదే. బిడ్డకూ ఎండోస్కోపుకూ మధ్యనున్న నూరు కిలోమీటర్ల గురించి వాటిలో ఉన్నది చాల తక్కువ.

ఐతే పైన చూసిన పరీక్షలను వరుసగా పెడితే ఒక ధైర్యం కూడ కలుగుతుంది. మొదటి గంటలో నిజంగా కావలసినవి ఖరీదైనవి కావు. నెత్తురు కక్కిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టవలె. వాంతి ఊపిరితిత్తులలోకి పోకుండ ఇది కాపాడుతుంది. వెచ్చగా కప్పవలె. పాలు, మజ్జిగ, నిమ్మనీరు, పసరు మందులు ఏవీ నోట పోయరాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 వాహనానికి వెంటనే ఫోను చేయవలె. కక్కినదానిని పారబోయక చూపవలె, లేక ఫోటో తీసి ఉంచవలె. ఆరోగ్య కేంద్రంలో ప్రాణవాయువు, సిరలోకి సూది, కొలిచిన సెలైను – ఇవి సాధ్యమే. బిడ్డ బయలుదేరక ముందే పై ఆసుపత్రికి ఫోను చేసి బరువు, నాడి, వీలైతే రక్తవర్గం చెప్పితే అక్కడ రక్తం సిద్ధమవుతుంది. ఒక ఆసుపత్రి నుండి ఇంకొక ఆసుపత్రికి, అక్కడ లేదని మరొక దానికి త్రిప్పుటలో పోయే గంటలను ఏ మందూ తిరిగి ఇవ్వలేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. నీళ్ళ విరేచనాలతో నెత్తురు చారలు పడే జిగట విరేచనాలు వేరు. వాటిలో ఓ.ఆర్.ఎస్. ద్రావణం మానరాదు, పోస్తూనే వైద్యుని వద్దకు పోవలె. ఆరు నెలల నుండి ఏడాదిన్నర వయస్సు బిడ్డ మధ్యమధ్య కాళ్ళు ముడుచుకొని కీచుమని ఏడ్చి, ఎర్రని జెల్లీ వంటి విరేచనం చేస్తే, పేగు పేగులోకి చొచ్చుకొనిపోయినదని అనుమానించవలె. అది అదేరోజు ఆసుపత్రి పని. బొమ్మలలోని బిళ్ళ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కొంటే రెండు గంటలలోనే పుండు పడగలదు. తరువాత పెద్ద రక్తనాళం తెగి నెత్తురు రావచ్చు. డెంగీ జ్వరమనే అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వరాదు, పారాసిటమాల్ చాలు. ఇనుము టానిక్కు తాగిన బిడ్డ విరేచనం మార్కాపురం పలకవలె నల్లగా ఉంటుంది. రక్తస్రావంలో వచ్చేది తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటుంది. నలుపు చూసి బెదరనక్కరలేదు గాని జిగట, వాసన ఉంటే ఉపేక్షించరాదు.

ప్రథమ చికిత్స పాఠం గాయం కట్టుతో ముగియకుండ చూచుట ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది. తరగతిలో ప్రతి విద్యార్థి చేత ఇంటిలోని చిన్న తమ్ముడి, చెల్లెలి బరువును 80తో హెచ్చవేయించి, వచ్చిన దానిలో నాల్గవ వంతును కొలగ్లాసులో రంగునీటితో చూపించవచ్చు. గోరు నొక్కి సెకన్లు లెక్కించుట నేర్పవచ్చు. మజ్జిగ ప్రయోగానికి రెండు గ్లాసులు చాలు. వీటితోపాటు "ఈ మందు వేశాము, నెత్తురు ఆగినది" అన్న మాట విన్నప్పుడు "వేయకపోతే ఆగేది కాదా?" అని అడుగుట కూడ విద్యార్థులకు నేర్పవలె. మంచునీటి చికిత్సను ఆసుపత్రుల నుండి సాగనంపినది ఆ ప్రశ్నే.